దాజీ పేట్‌లో అరంగేట్రం: ఒక సంవాదం

శాస్త్రీయ నృత్యంలో కొన్నేళ్ల శిక్షణ పొందిన శిష్యురాలు, ఇక రంగం మీదికి రావచ్చునని గురువు అనుమతించిన తరువాత, రెండున్నర మూడు గంటల పూర్తి కచేరీని మొదటిసారి తానొక్కతే నిర్వహించడాన్ని అరంగేట్రం అంటారు. చెన్నై, హైదరాబాద్ నగరాల్లోనూ, అమెరికాలో స్థిరపడిన తెలుగు, తమిళ కుటుంబాల్లోనూ ఇది శుభలేఖలతో, విందులతో జరిగే పెద్ద వేడుకగా పెరిగింది. షోలాపూర్‌లోని దాజీ పేట్ వంటి మహారాష్ట్ర నేతవాడలో మాత్రం ఈ వేడుక అవసరమా అన్న ప్రశ్న ఇంకా గట్టిగానే వినిపిస్తుంది. నిజాం రాజ్యపు తెలంగాణ పల్లెల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీలు అక్కడ తరాలుగా చేమగ్గాల మీద, ఆ తరువాత సాంచాలని పిలిచే మరమగ్గాల మీద చద్దర్లు, తువ్వాళ్లు నేసి బతికారు. వారి ఆడవారిలో చాలామంది ఇంటి అరుగు మీదనే తునికాకు కత్తిరించి బీడీలు చుట్టారు. ఆ ఇళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో మరాఠీ చదువుతారు. అటువంటి పిల్లలకు భరతనాట్యం నేర్పడం, నేర్పిన తరువాత అరంగేట్రానికి సిద్ధం చేయడం ఎంతవరకు సబబన్న విషయంలో ఉన్న రెండు పక్షాలను ఇద్దరు వాదుల మాటలుగా ఇక్కడ కూర్చడమైనది. పూర్వపక్షం సాంచాల పని మానుకుని గుడి భజనలో తాళం పట్టే ఒక పెద్దాయనది. సిద్ధాంతపక్షం అదే వాడలో పుట్టి, సాయంకాలాలు పిల్లలకు నాట్యం చెప్పే ఒక యువతిది. వరుసకు ఆమె అతన్ని పెద్దబాపు అని పిలుస్తుంది, అతను ఆమెను బిడ్డా అంటాడు.

పెద్దాయన తన వాదాన్ని ఖర్చుతో మొదలుపెట్టలేదు, ఉన్నదాన్ని చూపించి మొదలుపెట్టాడు. "పిల్లలు ఆడకూడదని ఎవరూ అనడం లేదు బిడ్డా. బతుకమ్మకు వాడలోని ఆడపిల్లలందరూ చప్పట్లు కలిపి ఆడుతారు, నారళీ పున్నమి నాడు మార్కండేయుని రథం కదిలితే మగపిల్లలు లేజిమ్ పట్టుకుని దాని ముందు ఆడుతారు. అక్కడ ఎవరూ ఎవరికీ ఫీజు కట్టరు, ఒక్క పిల్లను మధ్యలో నిలబెట్టి మిగిలినవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టరు." మార్కండేయుడు పద్మశాలీలు తమ మూలపురుషుడిగా కొలిచే ఋషి. లేజిమ్ అంటే కర్రకు ఇనుప గొలుసు బిగించి, ఆ గొలుసుకు రేకు బిళ్లలు గుచ్చిన మరాఠీ వాయిద్యం, దాన్ని ఊపుతూ వరుసలు కట్టి ఆడే ఆటను షోలాపూర్ తెలుగువారు తమదిగానే చేసుకున్నారు. పెద్దాయన దృష్టిలో వాడకు తగిన నాట్యశిక్షణ ఇదే, ఎందుకంటే ఇందులో నేర్చుకోవడం వేరు, పాల్గొనడం వేరు కాదు.

ఆ తరువాత అతను తెచ్చిన ఉదాహరణ మరింత బలమైనది. పద్మశాలీలకు తమ కులకథ చెప్పే కళాకారులు తమకే ఉండేవారు: చేర్యాల నకాషీలు బట్ట మీద రాసిన పటాన్ని విప్పుతూ మార్కండేయ పురాణాన్ని గానం చేసే కూనపులివారు, గారడీ విద్యలు ప్రదర్శించే సాధనాశూరులు. వీరిని ఆశ్రిత కులాలు అంటారు. అంటే ఒక కులాన్ని ఆశ్రయించి, ఆ కులం ఇచ్చే సంభావనతో జీవిస్తూ, ఆ కులం చరిత్రను కళారూపంలో నిలబెట్టే కుటుంబాలన్నమాట. "మనల్ని నమ్ముకుని బతికిన కూనపులివారి పిల్లల చేత పటం పట్టించలేనివాళ్లం, మద్రాసు నుంచి వచ్చిన నాట్యానికి పట్టుచీర కుట్టిస్తామంటే అది దేనికి గుర్తు?" అని అతను అడిగాడు. ఈ ప్రశ్నలోని బాధ న్యాయమైనదే. ఒక సమాజం తనకు గౌరవం తెచ్చే కళను బయట వెతుక్కుంటున్నప్పుడు, తనను గౌరవించిన కళను ఎక్కడ వదిలేసిందో చెప్పవలసిన బాధ్యత దానికి ఉంటుంది.

నాట్యగురువు ఈ ఆరోపణను తోసిపుచ్చలేదు. కూనపులివారి పటం చూపించడం పిల్లల చదువులో భాగం కావాలని ఒప్పుకుంటూనే, సామూహిక నృత్యం ఇచ్చేది ఒకటి, ఏళ్ల తరబడి ఒంటి మీద పనిచేసే శిక్షణ ఇచ్చేది మరొకటి అని ఆమె వాదించింది. ఆమె చెప్పిన శిక్షణాక్రమాన్ని కొంత వివరంగా చూడడం అవసరం, ఎందుకంటే అరంగేట్రాన్ని విమర్శించేవారిలోనూ మెచ్చుకునేవారిలోనూ ఎక్కువమంది దాని చివరి సాయంత్రాన్ని మాత్రమే చూస్తారు.

ఆరేడేళ్ల పిల్ల తరగతికి వచ్చిన తరువాత మొదటి నెలల్లో నేర్చేది ఆడడం కాదు, నిలబడడం. మడమలు దగ్గరికి చేర్చి, పాదాల వేళ్లను రెండు పక్కలకు తిప్పి, మోకాళ్లను వెలుపలికి వంచి, వెన్ను మాత్రం నిటారుగా ఉంచి సగం కూర్చున్నట్లు నిలిచే భంగిమను అరమండి అంటారు. పిల్ల అలసినప్పుడు ముందుగా మోకాలు లోపలికి జారుతుంది, ఆ తరువాత నడుము వంగుతుంది, చివరకు పాదం నేలను పూర్తిగా తట్టకుండా అంచుతో తాకుతుంది. గురువు కన్ను ఈ మూడింటినీ ఇదే వరుసలో పట్టుకోవాలి, లేకపోతే తప్పు మోకాలిలో నొప్పిగా స్థిరపడుతుంది. ఆ భంగిమలోనే తట్టడవు మొదలవుతుంది. అడవు అంటే పాదం, చేయి, చూపు కలిసి చేసే కనిష్ఠ నృత్తఖండం. తట్టడవులో పాదం మాత్రమే పనిచేస్తుంది. 'తైయా తై' అనే పలుకులకు కుడి ఎడమలుగా నేలను తట్టడం, అదే వరుసను మొదట నెమ్మదిగా, తరువాత రెట్టింపు వేగంతో, ఆ తరువాత దానికి రెట్టింపుగా, మూడు కాలాల్లో చేయడం. దాజీ పేట్ ఇళ్లలో నేల ఎక్కువగా షాబాదు బండలు పరచినది కావడం వల్ల ఎగిరే అడవులను ఆమె ఇంట్లో చేయించదు. వాటికోసం పిల్లలను మట్టి వాకిలికి తీసుకుపోతుంది. పక్క కార్ఖానాలో సాంచాలు ఆడుతున్నంతసేపూ చెక్కపలక మీద ఆమె కొట్టే కర్ర చప్పుడు వినిపించదు గనుక, అక్కడి పిల్లలు తాళాన్ని చెవితో అందుకోవడం కంటే ముందే చేత్తో వేసుకుంటూ నోటితో చెప్పుకోవడం నేర్చుకుంటారు. ఇతర ఊళ్లలో రెండో ఏడాదికి వచ్చే ఈ అలవాటు ఇక్కడ మొదటి ఏడాదే రావడం తాను గమనించిన మేలు అని ఆమె చెప్పింది.

ఈ క్రమం మీదనే మార్గం నిలుస్తుంది. మార్గం అంటే కచేరీలో అంశాల వరుస: అలరిప్పు, జతిస్వరం, శబ్దం, వర్ణం, పదం, తిల్లానా. 19వ శతాబ్దపు మొదటి భాగంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు సోదరులు దీనిని నేటి రూపానికి తెచ్చారు. వీటిలో వర్ణం ఒక్కటే అరగంటకు మించి సాగుతుంది; లయప్రధానమైన జతులూ అర్థప్రధానమైన అభినయమూ అందులో వంతులవారీగా వస్తాయి. కాళ్లు అలసిపోయిన క్షణంలోనే ముఖం ప్రశాంతంగా ఒక భావాన్ని పలికించవలసి ఉంటుంది. అటువంటి నిగ్రహం పన్నెండేళ్ల పిల్లకు అబ్బితే అది నాట్యానికి మాత్రమే పరిమితం కాదని గురువు నమ్మకం.

పెద్దాయన ఇక్కడ అడ్డుపడ్డాడు. "నిగ్రహం సంగతి సరే బిడ్డా, ఆ పిల్ల ముఖంలో పలికించే భావం ఏమిటి? రాత్రంతా రాని మగవాడిని నిలదీసే నాయిక మాటలను పదో తరగతి పిల్ల చేత అభినయింపజేయడం మర్యాదేనా?" అతని ఆక్షేపణ పదాల గురించి. పదం అంటే నాయికా నాయకుల శృంగారాన్ని విలంబకాలంలో అభినయించే గేయం. 17వ శతాబ్దికి చెందిన క్షేత్రయ్య మువ్వగోపాల ముద్రతో రచించిన తెలుగు పదాలు అందులో తలమానికాలు. నాట్యగురువు జవాబు సూటిగా ఉంది. వయసుకు మించిన పదాన్ని పిల్ల చేత చేయించే గురువు, అర్థం తెలియని ముఖానికి అభినయం అతికిస్తున్నట్లే లెక్క. యశోదా కృష్ణుల కీర్తనలు, దశావతారాల వంటివి ఆ వయసుకు చాలినంత ఉన్నాయి. అయితే శృంగారం తప్పు గనుక తీసివేయాలన్న అభిప్రాయాన్ని ఆమె ఒప్పుకోలేదు. 1935లో రుక్మిణీదేవి అరండేల్ దివ్యజ్ఞాన సమాజ వేదిక మీద నర్తించి, మరుసటి ఏడాది కళాక్షేత్రం అనే నాట్యపాఠశాలను స్థాపించినప్పుడు నాట్యంలోని శృంగారాన్ని భక్తి వైపు మళ్లించారు. దేవదాసీ వంశంలో పుట్టిన బాలసరస్వతి ఆ మార్పును జీవితాంతం ఎదిరించి, శృంగారమే ఈ నాట్యానికి ప్రాణమని చెప్పారు. "ఆ పదాలను వందల ఏళ్లు కాపాడినది దేవదాసీలు, పెద్దబాపూ. వాళ్ల విద్య తీసుకుని వాళ్ల పాటను అసభ్యమనడం మనకు తగదు. పిల్ల పెరగాలి, పాట ఆగుతుంది" అని ఆమె అన్నది. ఈ సంవాదంలో మొదటిసారి పెద్దాయన మారుమాట లేకుండా తలవంచిన సందర్భం ఇది.

భాష గురించిన చర్చ దీనికి కొనసాగింపు. వాడలోని పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. పాటల పుస్తకంలో తెలుగు సాహిత్యాన్ని దేవనాగరి లిపిలో రాసుకుంటారు. గురువు ప్రతి పంక్తినీ ముందు పిల్లల చేత తమ ఇంటి మాటల్లో చెప్పించి, అర్థం నిలిచిన తరువాతనే హస్తాలు పట్టిస్తుంది. ఇంట్లో అమ్మ మాటకూ పాటలోని మాటకూ చుట్టరికం దొరికిన రోజున పిల్ల చేతివేళ్లలో సందేహం పోతుందని ఆమె అనుభవం. ఈ నాట్యం మద్రాసు నుంచి వచ్చిన పరాయి వస్తువన్న మాటకు కూడా ఆమె ఇక్కడే సమాధానం చెప్పింది. తంజావూరును 17వ శతాబ్దిలో వశం చేసుకున్నవాడు శివాజీకి సవతి తమ్ముడైన ఏకోజీ. అతని కుమారుడు శాహజీ, 1684 నుంచి 1712 వరకు పాలించిన మరాఠా రాజు, పల్లకి సేవా ప్రబంధం వంటి యక్షగానాలను తెలుగులో రచించాడు. ఆ వంశపు రెండవ శరభోజీ, 1798 నుంచి 1832 వరకు గద్దె మీద ఉన్నవాడు, పైన చెప్పిన నలుగురు సోదరులను ఆదరించాడు. దేవేంద్ర కురవంజి అనే నృత్యనాటకాన్ని మరాఠీలో రచించాడు. నాట్యకచేరీ కోసం నిరూపణలు అనే మరాఠీ గేయమాలికలు పుట్టినదీ ఆ ఆస్థానంలోనే. మరాఠీ మాట్లాడే రాజులు తెలుగులో పాట కట్టి, తమిళదేశంలో ఆడించిన నాట్యం ఇది. తెలుగు మాట్లాడి మరాఠీ చదివే దాజీ పేట్ పిల్లకు దీని మీద ఉన్న హక్కు ఎవరి దయవల్లా వచ్చింది కాదు. ఈ చరిత్ర షోలాపూర్ బడుల్లో ఒక పాఠంగా ఉండవలసినది. అది లేకపోవడం తెలుగు పిల్లలకే కాదు, మరాఠీ పిల్లలకూ నష్టమే.

పెద్దాయనకు ఈ విషయం కొత్త. అతను సంతోషించాడు గాని తన పట్టు విడువలేదు. నాట్యం మనదే అయినప్పుడు దాన్ని నేర్పితే చాలదా, అరంగేట్రం అనే ఆర్భాటం ఎందుకన్నది అతని రెండవ వాదం. హాలు కిరాయి, గాయకులకూ మృదంగ విద్వాంసులకూ ప్రయాణాలు, దుస్తులు, ఆభరణాలు, భోజనాలు లెక్క వేస్తే అది సాంచాల మీద బతికే ఇంటికి మోయరాని బరువు. ఆడవాళ్లు నెలనెలా కూడబెట్టి వంతులవారీగా ఎత్తుకునే భిశీ, అంటే చీటీ డబ్బు, సాధారణంగా పెళ్లికో ఇంటి కప్పుకో దాచుకున్నది, ఒక్క సాయంత్రానికి కరిగిపోతుంది. "అదైన మర్నాడు పిల్ల ట్యూషన్లలో పడుతుంది. గజ్జెలు అటకెక్కుతాయి. మొదలు కావలసినది ముగింపు అవుతుంది" అని అతను అన్నాడు. కూచిపూడి మేళాల సంప్రదాయంలో ఈ పద్ధతి ఉండేది కాదని కూడా గుర్తుచేశాడు: ఆ ఊరి భాగవతుల మేళంలో పిల్లవాడు చిన్న వేషంతో ప్రవేశించి, మేళంతో పాటే పెరిగేవాడు, కూచిపూడి కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి నియమించినట్లు అక్కడి పరంపర చెబుతుంది. ఆ నియమం వేషగాడికి పరీక్షే, కాని దాన్ని మేళం మోసింది, తండ్రి జేబు మోయలేదు.

గురువు ఈ విమర్శలో సగానికి పైగా అంగీకరించడం ఈ సంవాదంలోని కీలకమైన మలుపు. అరంగేట్రం చెడ్డది కాదు, దాని నుంచి జారిపోయినది సభ అని ఆమె చెప్పింది. శిలప్పదికారం అనే ప్రాచీన తమిళ కావ్యంలో మాధవి అయిదవ ఏట మొదలుపెట్టి ఏడేళ్లు నేర్చి, పన్నెండవ ఏట చోళరాజు సభలో నర్తించి తలైక్కోల్ అనే గౌరవదండాన్ని పొందింది. బాలసరస్వతి 1925లో, ఏడేళ్ల వయసులో, కంచిలోని ఒక అమ్మవారి గుడిలో అరంగేట్రం చేశారు. ఈ రెండు చోట్లా చూసేవారికి చూడడం వచ్చు. భరతుని నాట్యశాస్త్రం ప్రయోగసిద్ధిని నిర్ణయించేవారిని ప్రాశ్నికులు అంటుంది. వారిలో నర్తకుడూ, ఛందస్సు తెలిసినవాడూ, శబ్దం తెలిసినవాడూ, చిత్రకారుడూ, ఆయుధవిద్య తెలిసినవాడూ ఎవరి రంగంలో వారు తీర్పరులు. అటువంటి సభ లేనిచోట పిల్ల ఏమి చేసినా చప్పట్లే వస్తాయి. విద్యను కొలవలేని సభ హాలునూ చీరనూ భోజనాన్నీ కొలుస్తుంది. ఖర్చు పెరగడానికి మూలం ఇక్కడ ఉందన్న ఆమె విశ్లేషణ పెద్దాయన వాదానికి విరుగుడు కాదు, దాని వేరు.

ఈ సందర్భంలో ఆమె చూపిన పోలిక పసిఫిక్ మహాసముద్రంలోని హవాయీ దీవులది. అక్కడి హూలా అనే నృత్యం మెలె అనే మంత్రగీతాల అర్థాన్ని చేతులతోనూ పాదాలతోనూ పలికిస్తుంది. దాని పాఠశాలను హాలౌ అనీ, గురువును కుము హూలా అనీ అంటారు. గురువు ఇపు అనే సొరకాయ వాయిద్యం తడుతూ గీతం చెబుతుంటే పిల్లలు అడుగులు వేస్తారు. క్రైస్తవం స్వీకరించిన రాణి కఆహుమను 1830లో బహిరంగ హూలాను నిషేధించగా, కలాకౌవా రాజు 1883లో తన పట్టాభిషేక వేడుకల్లో దానికి మళ్లీ పీట వేశాడు. నేడు అతని బిరుదు పేరుతో హీలో పట్టణంలో ఏటా జరిగే మెరీ మొనార్క్ ఉత్సవం హూలాకు అత్యున్నత వేదిక, 1976 నుంచి హొనొలులులో పిల్లలకే ప్రత్యేకంగా పోటీలు జరుగుతున్నాయి. దాజీ పేట్‌కు పనికివచ్చే విషయం ఏమంటే, హూలా రెండు రకాల ప్రదర్శనలను విడదీసి ఉంచింది. హోఇకె అన్నది హాలౌలోని పిల్లలందరూ, నిన్న చేరినవారితో సహా, తల్లిదండ్రుల ముందు తాము నేర్చినంత చూపే ప్రదర్శన. ఊనికి అన్నది ఏళ్ల తరబడి గీతం, అడుగు, ఆచారం నేర్చినవారిలో గురువు ఎంచిన కొద్దిమందికి మాత్రమే దక్కే పట్టప్రదానం. అందులో కొంత భాగం బయటివారికి కనబడదు. మన అరంగేట్రం ఈ రెండింటినీ ఒకటి చేసింది. బిడ్డ నేర్చినది కళ్లారా చూడాలన్న తల్లిదండ్రుల సహజమైన కోరిక తీరడానికి హోఇకె వంటిది లేకపోవడంతో, ఆ కోరికంతా ఊనికి వంటిదాని మీద పడి, సిద్ధం కాని పిల్లలను కూడా వేదిక ఎక్కిస్తోంది.

మహారాష్ట్రలో మరొక ఒత్తిడి కూడా ఉంది. మిరజ్ కేంద్రంగా ఉన్న అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలం ప్రారంభిక్ నుంచి మొదలుపెట్టి మెట్టు మెట్టుగా విశారద్ వరకు పరీక్షలు పెడుతుంది. ఇటువంటి పరీక్షలు పాసైన పిల్లలకు పదో తరగతిలో అదనపు మార్కులు వచ్చే వీలుంది. మార్కుల కోసం నాట్యమా అని పెద్దాయన చికాకుపడ్డాడు. గురువు మాత్రం ఇందులో మేలే ఎక్కువ చూసింది, ఎందుకంటే పరీక్షకుడు వాడకు బంధువు కాడు, భోజనం చేసి పోడు. బీడీలు చుట్టే తల్లికి తన బిడ్డ చదువు ఎంతవరకు వచ్చిందో పెద్ద ఖర్చు లేకుండా తెలిసే మార్గం అది.

ఇక్కడి నుంచి ఇద్దరూ ఏమి చేయాలన్న మాటకు వచ్చారు. దాజీ పేట్‌లోని వేంకటేశ్వరస్వామి దేవస్థానం ఆవరణలో ఏడాదికొకసారి తరగతి పిల్లలందరూ, తట్టడవు దగ్గరే ఉన్నవారితో సహా, పగటిపూట, బడి దుస్తుల మీద ఓణీ బిగించుకుని ఆడాలని గురువు ప్రతిపాదించింది. ప్రతి అంశానికీ ముందు పాట అర్థాన్ని పిల్లలే తెలుగులోనూ మరాఠీలోనూ చెప్పాలి. అరంగేట్రానికి వయసూ తేదీ ముందుగా పెట్టకూడదు. సిద్ధమైన పిల్లకు కూడా పూర్తి మార్గానికి బదులు అలరిప్పు, ఒక వర్ణం, ఒక కీర్తన, తిల్లానాతో గంటన్నర చాలు. పెద్దాయన దీనికి రెండు షరతులు చేర్చాడు: నాట్యం నేర్చే పిల్లలు బతుకమ్మ ఆటకూ రథం ముందు లేజిమ్‌కూ తప్పనిసరిగా రావాలి, పాట సాహిత్యాన్ని తెలుగు అక్షరాల్లో చదవడం రాని పిల్లకు గజ్జెపూజ, అంటే గజ్జెలను పూజించి మొదటిసారి కాళ్లకు కట్టే తంతు, జరపకూడదు. మొదటిదాన్ని ఆమె వెంటనే ఒప్పుకుంది. రెండవదానికి గడువు అడిగింది, ఎందుకంటే తెలుగు అక్షరాలు నేర్పే భారాన్ని నాట్యం తరగతి ఒక్కటే మోయలేదు, గుడి పెద్దలు అందుకు ఆదివారం ఒక గంట చోటూ మనిషినీ ఇవ్వాలి. ఆ మనిషిని తానే చూస్తానని పెద్దాయన చెప్పాడు.

తేలకుండా మిగిలిన విషయం ఒక్కటి. సభను తయారు చేయాలంటే వాడలోనివారు అభ్యాసాలకు వచ్చి కూర్చోవాలని ఇద్దరూ అన్నారు. కూర్చున్నవారికి 'ఈ పిల్ల ఇంకా సిద్ధం కాలేదు' అని చెప్పే హక్కు ఉండాలని పెద్దాయన పట్టుబట్టాడు. "మార్కండేయుని రథానికి కట్టిన తాడు సరిగా లేదంటే లాగేవాడు చెప్పడా? చూసేవాడికి ఆ మాత్రం నోరు లేకపోతే వాడు సభ ఎట్లా అవుతాడు బిడ్డా?" గురువు ఒప్పుకోలేదు. తప్పు చూపే హక్కు అందరికీ ఉంటుంది, ఆగమనే హక్కు నేర్పినవారికే ఉంటుంది. పిల్ల మోకాలి నొప్పీ, ఆమె రాత్రి చదువూ, ఏ జతి దగ్గర ఆమె ఊపిరి తెగుతుందో తెలిసినవారు మాత్రమే ఆ మాట పిల్లను విరచకుండా చెప్పగలరని ఆమె వాదం. ఈ విషయంలో న్యాయం గురువు వైపే ఎక్కువగా ఉన్నదని చెప్పాలి. అయితే ప్రశ్నించే సభ కావాలని కోరిన గురువు ఆ సభ నోటికి హద్దు గీయడం ఎంతవరకు సాగుతుందన్న పెద్దాయన ప్రశ్నకు ఆమె వద్ద పూర్తి సమాధానం లేదు. పిల్లలు రెండవ కాలం తట్టడవు మొదలుపెట్టిన సాయంత్రాల్లో వచ్చి కూర్చోమని, తప్పు కనబడితే తరగతి అయ్యాక తనతో చెప్పమని మాత్రం అతన్ని పిలిచింది.